కావలి లేని పొలిమేరలు

కాకినాడలో బస్సెక్కి అమలాపురము పోవువారు తాళ్ళరేవు దాటిన కొంతసేపటికి ఒక ప్రభుత్వపు పాలననుండి మరొక ప్రభుత్వపు పాలనలోనికి ప్రవేశింతురు. గౌతమిపై వంతెన దాటి ఎదుర్లంక చేరునప్పటికి మరల మొదటి ప్రభుత్వపు పాలనలోనికి వత్తురు. బస్సులో కునుకు తీయువానికి ఈ మార్పు తెలియనే తెలియదు. మేలుకొని యున్నవాడు సైతము అంగళ్ళ పలకలపై వ్రాసిన చిరునామాలను చూచియో, పెట్రోలు బంకుల ముందు నిలిచిన వాహనములను చూచియో, మద్యపు దుకాణముల సంఖ్యను చూచియో గుర్తింపవలసినదే. బస్సును ఆపి "మీరెవరు, ఎచ్చటికి పోవుచున్నారు" అని అడుగువాడు లేడు.

ఈ నడుమ తగిలిన ఊరు యానాం. గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలిపోవుచోట, సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణములో, కనకాలపేట, మెట్టకూరు, కురసాంపేట, దరియాలతిప్ప మొదలైన గ్రామములతో కూడిన చిన్న ప్రాంతమిది. చుట్టును ఆంధ్రప్రదేశ్. పాలన మాత్రము ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరమున తమిళదేశమునందున్న పుదుచ్చేరిది. 1954 వరకు ఈ పొలిమేర కేవలము రెండు రాష్ట్రముల నడిమి గీత కాదు. ఇవతల బ్రిటిషు ఇండియా, 1947 తరువాత స్వతంత్ర భారతము, అవతల ఫ్రాన్సు. అనగా ఒక యూరపు దేశపు సరిహద్దు మన గోదావరి లంకలనడుమ, కొబ్బరితోటల పక్కన రెండు శతాబ్దముల పైచిలుకు నిలిచి యుండెనన్నమాట.

నేడు యూరపులో ఒక దేశమునుండి మరొక దేశమునకు ఎవరి అనుమతియు లేక పోవచ్చునని విని మనవారు ఆశ్చర్యపడుదురు. పారిస్‌లో రైలెక్కినవాడు గంటన్నర లోపున బ్రస్సెల్సులో దిగును. నడుమ పాస్‌పోర్టు చూపవలసిన పని సాధారణముగా ఉండదు. ఇది ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనుటకు యూరపు పటము కంటె ముందు యానాం చరిత్రను చూచుట మేలని నా అభిప్రాయము. సరిహద్దు అనునది ఎట్లు పుట్టునో, ఎట్లు బిగిసికొనునో, ఎట్లు సడలునో అన్నియు ఈ కొద్దిపాటి నేలమీదనే జరిగినవి.

ఫ్రెంచివారు 1723 ప్రాంతమున ఇచ్చట వర్తకస్థానమును నెలకొల్పి, లాభము లేదని కొలది కాలమునకే విడిచి, 1731లో మరల వచ్చినారు. గోదావరి మండలపు నేతబట్టలే వారిని రప్పించినవి. ఆ బట్టలకే ఇంగ్లీషువారు పక్కనున్న ఇంజరములోను, నీలపల్లిలోను గిడ్డంగులు పెట్టినారు. యూరపులో ఇరువురకు యుద్ధము వచ్చినప్పుడెల్ల యానాం చేతులు మారుచుండెడిది. నెపోలియను యుద్ధముల పిదప 1814 నాటి పారిస్ సంధిని అనుసరించి ఫ్రెంచివారికి తిరిగి దక్కి, ఆ మీదట 1954 వరకు వారి చేతనే నిలిచినది.

ఇంతకును ఇరువైపుల నున్న మనుష్యులలో భేదమేమి? ఒకటే భాష, ఒకటే పంట, ఒకటే వియ్యము. తాళ్ళరేవు ఆడపడుచు యానాం కోడలగును. యానాం రైతు నీలపల్లి సంతలో ఎడ్లు కొనును. భేదమంతయు చట్టములోను, సుంకములోను మాత్రమే. ఆ భేదమే సరిహద్దునకు ప్రాణము. ఒకవైపు సుంకము తక్కువ, రెండవవైపు ఎక్కువ అయినచో సరుకు తక్కువ వైపునుండి ఎక్కువ వైపునకు నీరు పల్లమునకు పారినట్లు పారును. యానాంలో మంగళవారపు సంతకు చుట్టుపట్ల జిల్లాల జనులు విదేశపు సరుకుల కొరకై వచ్చుచుండిరనుట పెద్దలెల్లరు ఎరిగిన సంగతి. సరుకు పారుచోట కావలివాడు నిలువక తప్పదు. సుంకపు చౌకీ లేచును. మూటలు విప్పుదురు. కావలి ఉన్నచోట దొంగదారి కూడ తప్పక ఏర్పడును. పాయలు, మడ అడవులు గల ఈ సీమలో దానికి కొదువ లేదు.

సరుకులతోపాటు మనుష్యులు కూడ చట్టపు పల్లము చూచుకొని పారుదురు. సుబ్రహ్మణ్య భారతి 1908లోను, అరవిందులు 1910లోను బ్రిటిషు పోలీసుల చేతికి చిక్కక పుదుచ్చేరి చేరిన సంగతి ప్రసిద్ధమే. యానాం పొలిమేరను దాటినవారిలో మాత్రము వేరొక తరగతివారు ఎక్కువ. వారు పెండ్లివారు.

1929లో కేంద్ర శాసనసభ బాల్యవివాహ నిరోధక చట్టమును చేసినది. ప్రతిపాదించినవారు హరబిలాస్ శారదా గనుక శారదా చట్టమను పేరే జనుల నోట నిలిచినది. 14 ఏండ్లు నిండని బాలికకు, 18 ఏండ్లు నిండని బాలునకు పెండ్లి చేయుట నేరమని అది శాసించినది. 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అయితే ఆ చట్టము బ్రిటిషు ఇండియాకే వర్తించును. ఫ్రెంచి ప్రభుత్వము హిందువుల వివాహ విషయములను వారి ఆచారములకే విడిచిపెట్టియుండెను. ఇంకను ఒక సూక్ష్మము కలదు. శారదా చట్టము పెండ్లి చేసినవారిని శిక్షించునే కాని, జరిగిన పెండ్లిని చెల్లదనదు. కావున ఒక్క రాత్రికి పొలిమేర దాటి, యానాంలో మూడు ముళ్ళు వేయించి, తెల్లవారి ఇంటికి తిరిగి వచ్చినచో శిక్ష భయము తొలగును, పెండ్లి నిలుచును. గోదావరి జిల్లాలనుండి పిల్లలను చంకన వేసికొని పెండ్లివారు యానాం దారి పట్టినారు. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది.

ఈ పేరు విని నవ్వుకొనుట కలదు. అందు నవ్వవలసినది నాకు కనబడదు. బాలవితంతువుల దురవస్థకు చలించి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. అప్పటికి ఏబది ఏండ్లు తిరుగకముందే, అదే గోదావరి నేలమీదనుండి ఎనిమిదేండ్ల, తొమ్మిదేండ్ల బాలికలను వధువులను చేయుటకు పొలిమేర దాటించినారు. ఆ పిల్లకు సరిహద్దు అనగా నేమో తెలియదు; ఆమె బ్రతుకును మాత్రము ఆ సరిహద్దు నిర్ణయించినది. సరిహద్దు దాటుట సులభమైనంత మాత్రమున మేలు కలుగదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఇరువైపుల చట్టము ఒక మట్టమున లేనప్పుడు, తెరచిన ద్వారము గుండ మంచి చట్టము కూడ కారిపోవును.

సుంకము విషయములో ఆ మట్టమును సరిచేయు ప్రయత్నము ఒకమారు జరిగినది. 1940లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయినప్పుడు పుదుచ్చేరి గవర్నరు లూయీ బోన్వాఁ ద గాల్ పక్షమున నిలిచినాడు. బ్రిటిషువారికి ఆయన మిత్రుడైనాడు. మరుసటి ఏడు, 1941లో, బ్రిటిషు ఇండియాకును ఫ్రెంచి ఇండియాకును నడుమ సుంకముల ఐక్యతకు ఒప్పందము కుదిరినది. సుంకము రెండువైపుల ఒకటే అయినప్పుడు నడుమ మూటలు విప్పవలసిన అగత్యము లేదు. పొలిమేర గీత పటము మీద చెరగలేదు, నేలమీద పలుచబడినది. స్వతంత్ర భారత ప్రభుత్వము 1949లో ఆ ఒప్పందమునకు స్వస్తి చెప్పుటతో గీత మరల గట్టిపడినది. ఫ్రెంచి స్థావరముల భవిష్యత్తు తేలని కాలమది. మచిలీపట్నములోని ఫ్రెంచిపేట వంటి చిల్లర స్థలములను ఫ్రాన్సు 1947లోనే వదలుకొన్నది. యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహె మాత్రము మిగిలియుండెను. 1954 నాటికి రాకపోకలపై నిర్బంధములు ముమ్మరమైనవి. నిన్నటివరకు మేనమామ ఇంటికి పోయినట్లు పోయినవారు అనుమతి పత్రము కొరకు నిలువవలసిన దినములవి.

1954 జూన్ 13వ తేదీన దడాల రఫేల్ రమణయ్యగారు మొదలైనవారి నాయకత్వమున విలీనవాదులు యానాం పాలనను తమ చేతిలోనికి తీసికొన్నారు. అదే ఏడు అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపమున కీళూరులో సమావేశమైన ప్రజాప్రతినిధులు 178 మందిలో 170 మంది భారతములో చేరుటకు సమ్మతించినారు. నవంబరు 1న పాలన భారత ప్రభుత్వమునకు వచ్చినది. బదిలీ సంధిపై సంతకములు 1956 మే 28న జరిగినవి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదము పొంది ఆ సంధి అమలులోనికి వచ్చినది 1962 ఆగస్టు 16న. అనగా ఎనిమిదేండ్లపాటు యానాం చేతలో భారతదేశము, కాగితముపై ఫ్రాన్సు.

ఆ సంధిలోని ఒక నిబంధన మన విషయమునకు మిక్కిలి సంబంధించినది. ఆ ప్రాంతములలో పుట్టి అచ్చటనే నివసించువారు సంధి అమలైన నాటినుండి భారత పౌరులగుదురు. ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవారు ఆరు నెలలలోపల వ్రాతమూలముగా తెలుపవలెను. పుదుచ్చేరిలో పలువురు, యానాంలో కొలదిమంది అట్లు కోరుకొన్నారు. ఆ పౌరసత్వము పిల్లలకు సంక్రమించినది. నేడు యానాం వీధిలో పక్కపక్క ఇండ్లలో ఉండు ఇరువురు తెలుగువారిలో ఒకరు యూరపు ఖండమునందు దేశదేశములు ఎట్టి వీసాయు లేక తిరుగవచ్చును. రెండవవారు అందులో ఒక్క దేశమున కాలు మోపుటకు సైతము రాయబార కార్యాలయపు మెట్లు ఎక్కవలెను. తాతగారు 1962లో ఒక కాగితముపై చేసిన సంతకమే వారిరువురకు గల భేదము.

ఇప్పుడు యూరపును చూతము. 1914కు ముందు ఆ ఖండములో అనేక దేశముల నడుమ పాస్‌పోర్టు లేకయే ప్రయాణము సాగెడిది. మొదటి ప్రపంచ యుద్ధము గూఢచారుల భయముతో తలుపులు మూసినది. యుద్ధము ముగిసినను తలుపులు పూర్తిగా తెరువలేదు. రెండవ యుద్ధము నడుచుచుండగనే, స్వదేశము కోల్పోయి లండనులో తలదాచుకొన్న బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు ప్రభుత్వములు 1944లో సుంకముల ఐక్యతకు ఒప్పుకొన్నవి. 1960లో ఆ మూడు దేశములు తమ నడుమ మనుష్యుల తనిఖీని కూడ తీసివేసినవి. ముందు సుంకము, తరువాత మనుష్యులు: ఈ క్రమము గమనింపదగినది.

తరువాతి అడుగు వేయించినది మంత్రులు కారు, లారీ డ్రైవర్లు. 1984 ఫిబ్రవరిలో సరిహద్దు చౌకీల వద్ద ఆలస్యము భరింపలేక వారు దారులకు అడ్డముగా లారీలు నిలిపినారు. అదే జూలైలో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ తమ నడుమ తనిఖీలు తగ్గించుకొనుటకు సార్‌బ్రూకెనులో ఒప్పందము చేసికొన్నవి. మరుసటి ఏడు, 1985 జూన్ 14న, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు ప్రతినిధులు మోజెల్ నదిలో నిలిచిన ఒక పడవపై సంతకములు చేసినారు. ఒడ్డుననున్న పల్లె పేరు షెంగెన్. ద్రాక్షతోటల నడుమ చిన్న ఊరు. ఫ్రాన్సు, జర్మనీ, లక్సెంబర్గు మూడును కలియు తావు. అచ్చట మోజెల్ నది 1816 నాటి ఒడంబడిక వలన ఇరువైపుల ప్రభుత్వములకు ఉమ్మడి ఆస్తి. నడినీటిలో గీత గీయలేదు. నదిని పంచుకొనుటలో తలలు పగులగొట్టుకొను మన రాష్ట్రములకు ఈ ముక్క వినిపింపదగినది.

సంతకము నాటికే ద్వారములు తెరచుకొనలేదు. వివరములు తేల్చుటకు 1990లో మరొక ఒప్పందము, అమలునకు మరి అయిదేండ్లు. 1995 మార్చి 26న ఏడు దేశముల నడుమ తనిఖీలు లేచిపోయినవి. నేడు ఈ మండలములో 29 దేశములున్నవి. బల్గేరియా, రుమేనియా భూసరిహద్దులు 2025 జనవరి 1న చిట్టచివరగా తెరచుకొన్నవి. స్విట్జర్లాండు, నార్వే, ఐస్‌లాండు, లీక్టెన్‌స్టైన్ యూరపు సమాఖ్యలో సభ్యులు కాకున్నను ఇందులో చేరినవి. సమాఖ్యలో సభ్యురాలైన ఐర్లాండు చేరలేదు. లక్సెంబర్గులో పని చేయుటకు ఫ్రాన్సు, బెల్జియము, జర్మనీలనుండి నిత్యము సరిహద్దు దాటి వచ్చిపోవువారు రెండు లక్షలకు పైబడినారు. కోనసీమనుండి కాకినాడ పనికి వచ్చిపోవునట్లే వారు మూడు దేశములనుండి వచ్చిపోవుచున్నారు.

అయితే లోపలి కావలి తీసివేయుటకు వారు చెల్లించిన మూల్యము కలదు. వెలుపలి కావలిని అందరును కలసి బలపరచుకొన్నారు. గ్రీసు ఒడ్డున దిగినవాడు నార్వే వరకు నడచిపోగలడు గనుక, గ్రీసు కావలివాడు నార్వేకు కూడ కావలివాడే. ఒక దేశము ఇచ్చిన స్వల్పకాలపు వీసాను తక్కినవన్నియు మన్నించును; ఏ 180 దినములలోనైనను 90 దినములు మించి ఉండరాదు. వెదకబడు నేరగాండ్ర వివరములు, దొంగిలింపబడిన వాహనముల వివరములు పోలీసులందరకు అందుబాటులో నుండు ఉమ్మడి చిట్టా ఒకటి ఏర్పరచుకొన్నారు. పారిపోవు నేరస్థుని వెంట కొన్ని నియమములకు లోబడి పక్క దేశపు పోలీసు పొలిమేర దాటి రావచ్చును. యానాంలో ఒకనాడు లోపించినది ఇదియే. అచ్చట ద్వారము తెరచియుండెను, ఉమ్మడి చట్టము లేదు.

చదువులకై జర్మనీ పోయిన మన ఊరి పిల్లలకు ఈ వ్యవస్థ నిత్యానుభవమే. జర్మనీ ఇచ్చిన నివాసానుమతితో సెలవులలో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ చూచి రావచ్చును. ఫ్రాన్సులో ఉద్యోగము చేయుటకు మాత్రము ఆ అనుమతి చెల్లదు. పాస్‌పోర్టును ఇంట భద్రపరచి బయలుదేరుట కూడ తగదు. తనిఖీ లేదనగా పత్రము అక్కరలేదని అర్థము కాదు. అవసరమని తోచినప్పుడు తాత్కాలికముగా తనిఖీలు తిరిగి పెట్టుకొను హక్కును ఆ దేశములు వదలుకొనలేదు. 2015లో శరణార్థులు లక్షలుగా వచ్చినప్పుడు పలు దేశములు ఆ హక్కును వాడుకొన్నవి. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిటి వద్ద తనిఖీలు మరల ప్రారంభించినది.

యూరపులో యానాం వంటి ఊరే ఒకటి కలదు. నెదర్లాండ్సు నడుమ బెల్జియము తునకలు 22 చిమ్మినట్లు పడియున్న ఆ ఊరి పేరు బార్లె. కొన్ని బెల్జియము తునకల కడుపులో మరల నెదర్లాండ్సు తునకలున్నవి. 1198లో ఇరువురు ప్రభువులు భూములు పంచుకొన్న తీరు దీనికి మూలము. ఇండ్ల నడుమనుండి, అంగళ్ళ నడుమనుండి సరిహద్దు పోవును. ఇంటి ముఖద్వారము ఏ దేశములో తెరచుకొనునో ఆ ఇల్లు ఆ దేశమునకు చెందునని ఆచారము. ఒకప్పుడు వెన్న దొంగ రవాణాకు పేరుపడిన ఊరది. నేడు వీధిలో తెల్లని గుర్తులు తప్ప సరిహద్దు లేదు. కాని 2020లో కరోనా వ్యాపించినప్పుడు బెల్జియము అంగళ్ళు మూయించినది, నెదర్లాండ్సు మూయించలేదు. గీత నడుమగా పోవు ఒక బట్టల అంగడిలో సగము మూసి, సగము తెరచి అమ్మినారు. గీత ఎచ్చటికిని పోలేదు, చట్టము వేరైన దినమున కనబడినది.

యానాంలోను ఆ సంవత్సరమే అట్టి దృశ్యము కనబడినది. రోడ్లకు అడ్డుకట్టలు కట్టినారు. స్వగ్రామమునకు తిరిగి వచ్చినవారు సైతము పొలిమేర వద్ద నిలువవలసివచ్చినది. అరువది ఆరేండ్ల తరువాత పెద్దలకు ఫ్రెంచి కాలము జ్ఞప్తికి వచ్చియుండును.

ఆ అడ్డుకట్టలు పోయినవి. 2017 జూలై 1న వచ్చిన వస్తుసేవల పన్ను బట్టకు, సబ్బునకు, సిమెంటుకు రెండువైపుల ఒకే రేటు చేసినది. ఆ సరుకులలో యానాంకు ఇప్పుడు ప్రత్యేకత లేదు. పెట్రోలు, మద్యము ఆ పన్నులో చేరలేదు. ఆ రెండిటి కొరకే యానాం దారి పట్టువారు నేటికిని ఉన్నారు, సీసాల కొరకు సంచులు వెదకు ఆబ్కారీవారును ఉన్నారు. ఇక పుదుచ్చేరి ప్రభుత్వపు సహాయములు, చదువులలో స్థానములు పొందుటకు యానాం నివాసమని ధ్రువపత్రము కావలెను. ఇంటి ముఖద్వారము ఎటు తెరచుకొనుననుట బార్లెలో వలెనే ఇచ్చట కూడ కుటుంబములకు పట్టింపైన విషయము.

పూర్వము ఎదుర్లంక రేవు దాటుటకు పంటు కొరకు కాచుకొనెడివారు. 2002లో బాలయోగి వారధి తెరచిన పిమ్మట ఆ నిరీక్షణ పోయినది. 2022 ఏప్రిలులో జిల్లాలు విడదీసినందున ఇప్పుడు యానాంకు ఒకవైపు కాకినాడ జిల్లా, నదికి ఆవల కోనసీమ జిల్లా. అదే ఏడు జూలైలో ధవళేశ్వరము వద్ద గోదావరి 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించినప్పుడు కోనసీమ లంకలతోపాటు యానాం వీధులలోను నీరు నిలిచినది. 10 లక్షలకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. ధవళేశ్వరము ఆంధ్రప్రదేశ్‌లోనిది, హెచ్చరిక చేయువారు ఆంధ్రప్రదేశ్ అధికారులు. మూడవ హెచ్చరిక విన్న వెంటనే యానాంలో పడవలు సిద్ధపరచుదురు.